కిటికీ తెరకు కొలత

ఈ పూట నేను ముచ్చటింపబూనిన విషయము మిక్కిలి చిన్నది. ఇంటి కిటికీకి వ్రేలాడు తెర, ఉండవలసినదానికన్న పొడుగుగా నున్నప్పుడు దానిని పొట్టిచేయుట ఎట్లు? ఇంత స్వల్పమైన పనికి చరిత్ర యేమి యని శ్రోతలు నవ్వవచ్చును. కాని కొంచె మాలోచించినచో, తెర పొడుగగుటయే ఒక క్రొత్త సంగతి యని తోచును. మన తాతల కాలమున తెర కిటికీకన్న పొడుగగుట అరుదు. ఏలయన, అప్పుడు ముందు కిటికీని కొలిచి, పిదప తెరను అల్లుచుండిరి. నేడు మనము ముందు తెరను కొని, పిదప దానిని కిటికీకి సరిపెట్టుకొనుచున్నాము. ఈ క్రమము తలక్రిందులైన కథనే నేను చెప్పదలచితిని. అందులో వెదురు కలదు, నూలు కలదు, స్త్రీల బ్రతుకు కలదు, ఒక కులవృత్తి యొక్క కూడు కలదు.

ముందుగా పేళ్ళను గూర్చి రెండు మాటలు. వాతాయనము, గవాక్షము అను రెండు పదములను అమరకోశము ఒక్క అర్థముననే చెప్పినది. వాతాయనమనగా గాలి వచ్చు త్రోవ. గవాక్షమనగా ఆవు కన్ను. మొదటి పేరు కిటికీ చేయు పనిని తెలుపును. రెండవది దాని ఆకారమును తెలుపును. అనగా పూర్వపు కిటికీ గాలి కొరకు పుట్టినది. చూపునకు కన్నంత చిన్నది. 'కిటికీ' యను మాట ఉత్తరదేశ భాషలలోని 'ఖిడికీ'కి చుట్టము. 'తెర' మాత్రము దక్షిణదేశపు మాట. అరవమున దీనినే 'తిరై' యందురు. తెలుగున తెర యనగా అల యనియు అర్థము కలదు. గాలికి ఊగునది, లేచి పడునది, ఒక క్షణము కప్పి మరు క్షణము చూపునది అను భావము ఆ రెంటికిని సమానమే.

వెదురుతో అల్లినదానిని మనము తడిక యనియు తట్టి యనియు అందుము. సన్నని పేళ్ళను దారముతో కూర్చి, పైకి చుట్టుటకు వీలుగా చేసినదానిని ఉర్దూలో చిల్మన్ అందురు. చిక్ అని మరియొక పేరు. ఆంగ్లేయులు ఈ దేశమున విన్న మాటలను ప్రోగుచేసి 1886లో ప్రకటించిన హాబ్సన్ జాబ్సన్ అను నిఘంటువున చిక్కునకును, తట్టికిని, చెక్కపలకల జిల్‌మిల్‌కును చోటు దొరకినది. వేడి దేశమునకు వచ్చిన దొరలు మొదట నేర్చుకొనిన మాటలలో తెర పేళ్ళు కూడ ఉండుట సహజమే కదా! చిత్రమేమనగా, ఆ చెక్కపలకల తెరను ఆంగ్లేయులు వెనిస్ నగరము పేర పిలిచిరి; ఫ్రెంచివారు పలకల కిటికీ తలుపును పర్షియా దేశము పేర పిలిచిరి. ఎవరికి వారు అది తూర్పు నుండి వచ్చిన వస్తువని చెప్పుకొనిరన్నమాట.

ఇక మా ప్రాంతమును గూర్చి చెప్పవలెను. వేంసూరు ఖమ్మము జిల్లా ఆగ్నేయపు అంచున, సత్తుపల్లికి సమీపమున నున్నది. ఈ అంచు వింతయైన అంచు. 1948 వరకు ఇవతల నిజాము రాజ్యము. అవతలనున్న తిరువూరు, చింతలపూడి సీమలు మద్రాసు పరిపాలనలోనివి. నడుమ కరోడ్‌గిరి నాకాలు, అనగా సుంకపు చౌకీలు, ఉండెడివి. 1956లో రెండు వైపులు ఒక్క రాష్ట్రమైనవి. 2014 జూను 2వ తేదీనుండి ఇది మరల రెండు రాష్ట్రముల సరిహద్దు. ఉత్తరముగా, ఈశాన్యముగా పోయినచో దమ్మపేట, అశ్వారావుపేట, పాల్వంచ అడవులు గోదావరి వరకు వ్యాపించియున్నవి. ఆవలి గట్టుననున్న భద్రాచలము కథయు ఇట్టిదే. 1860లో అది నిజాము చేతినుండి ఆంగ్లేయులకు పోయి, 1874లో మద్రాసు రాజధానిలో చేరి, 1959లో మా ఖమ్మము జిల్లాకు వచ్చినది. పాలనలు మారినవి గాని, అడవినుండి వెదురు దక్షిణముగా పైరుభూములకు వచ్చుట మాత్రము మానలేదు.

ఆ అడవులలో ముఖ్యముగా రెండు జాతుల వెదురు కలదు. ఒకటి ముళ్ళ వెదురు. లావుగా, లోపల బోలుగా, పెద్ద పొదలుగా పెరుగును. రెండవది సాధనపు వెదురు. సన్నము, గట్టి, లోపల బోలు తక్కువ. వెదురు కొన్ని దశాబ్దముల కొకసారి ఒక్కుమ్మడిగా పూచి, గింజ రాల్చి, పొదతో సహా చచ్చును. మరల గింజనుండి మొలకలు పుట్టి, కోతకు వచ్చువరకు అల్లకపు వారికి కరవే.

వెదురును చీల్చి బ్రతుకువారు మేదరులు. వీరి వృత్తి ప్రాచీనమైనది. 12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో మేదర కేతయ్యను కన్నడదేశము నేటికిని స్మరించుచున్నది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొరగారి దక్షిణదేశపు కులముల గ్రంథమున మేదరులు చేయు వస్తువుల పట్టిక యొకటి కలదు. జల్లెడలు, బుట్టలు, ఉయ్యాలలు, చాపలు, విసనకఱ్ఱలు, పెట్టెలు, గొడుగులు, వానితోపాటు తట్టీలు. పుట్టిన బిడ్డ ఉయ్యాల మొదలు ధాన్యము చెరుగు చేట వరకు, ఇంటిలో వారి చేయి తగులని మూల లేదు. కిటికీ తెరయు ఆ పట్టికలోనిదే.

మేదరి తెరను ఎట్లు కొలుచునో నేను చూచినవాడను. అతడు టేపు పట్టడు. ఒక వెదురు పేడును తీసికొని కిటికీకి ఆనించి, ఎత్తున కొక గాటు, వెడల్పున కొక గాటు పెట్టును. ఆ పేడును చంకనిడుకొని పోవును. ఎన్ని మూరలు, ఎన్ని జానలు అని లెక్క చెప్పుట యజమానికి వెల తెలియుటకు మాత్రమే. రెండు జానలు మూర, నాలుగు మూరలు బార అని లోకము చెప్పును గాని, ఆ మూర ఎవరి చేయియైన వారిది. గాటు పెట్టిన పేడులో అట్టి తగవు లేదు. అది ఆ యింటి ఆ కిటికీదే. మరియొక కిటికీకి పనికిరాదు. ప్రతి కిటికీకి ఒక కొలపుల్ల, ప్రతి కొలపుల్లకు ఒక తెర. ఇట్లు చేసిన తెర పొడుగగుటకు వీలెక్కడిది?

అయినను మా పల్లెయిండ్లలో కిటికీ తెరలు విరివిగా ఉండెడివని చెప్పిన అతిశయోక్తి యగును. మట్టిగోడల యింట గవాక్షము జానెడో మూరెడో. వేసవిలో 45 డిగ్రీల వరకు కాయు మా యెండకును, దొంగ భయమునకును అదే మందు. తడికలు కిటికీకన్న పంచకును, దొడ్డికిని, వంటింటి చాటునకును ఎక్కువగా వాడుచుండిరి. పెద్ద కిటికీ, దానికి తగిన చిక్కు మా సీమకు బంగళాలతోను రైలుతోను వచ్చినవి. నిజాము రైలుమార్గము 1889లో ఖమ్మము, మధిర మీదుగా బెజవాడ చేరినది. స్టేషనులు, ఇంజనీర్ల నివాసములు, ముసాఫరు బంగళాలు కట్టబడినవి. వాని వరండాలకు నిలువెత్తు తెరలు కావలసివచ్చెను. బుట్టలల్లు చేతులే ఆ తెరలను అల్లినవి. తెలిసిన పనియే, కొలత మాత్రము పెరిగినది.

ధనవంతుల యిండ్లలో వట్టివేళ్ళ తట్టి ప్రత్యేకము. అక్బరు చక్రవర్తి కాలపు ఐనీ అక్బరీలోనే దీని ప్రసక్తి కలదు. వట్టివేళ్ళను వెదురు చట్రమున కూర్చి, ద్వారమునకు కట్టి, పైనుండి నీరు చల్లుదురు. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు ఇంచుమించు 580 కిలోకేలరీల వేడిమి కావలెను. ఆ వేడిమిని తట్టి గుండ వచ్చు గాలినుండియే నీరు లాగుకొనును. గాలి చల్లబడి, పరిమళించి లోపలికి వచ్చును. గాలి పొడిగా నున్న మా వంటి చోట ఇది బాగుగా పనిచేయును. సముద్రతీరపు ఉక్కలో అంతగా చేయదు. ఈ తట్టికి కొలత ప్రాణము. బెత్తెడు పొట్టియైనను ఆ సందుననే వడగాలి దూరును. కావున దీనిని కొలువక చేయుట లేదు.

గుడ్డ తెర కథ వేరు. మా వేంసూరునకు దక్షిణముగా కృష్ణాతీరమునకు, అచటినుండి సముద్రమునకు పోయినచో మచిలీపట్టణము. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకశాల పెట్టినది ముఖ్యముగా నూలు బట్టల కొరకే. కలముతో రంగు వ్రాసిన అద్దకపు బట్టలు పర్షియాకును, ఐరోపాకును ఓడలపై పోవుచుండెను. అక్కడ అవి పాన్పు దుప్పట్లయినవి, గోడలకు వ్రేలాడినవి, తెరలయినవి. లండనులో శామ్యూల్ పెపిస్ అను ఉద్యోగి 1663లో తన భార్య చదువుగదికి చుట్టు కట్టుటకు హిందూదేశపు రంగు బట్ట కొనినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. మోజు అంతకంతకు పెరిగి, అచటి నేతగాండ్రు గోల పెట్టగా, 1700లో ఒకమారు, 1721లో మరియొకమారు ఇంగ్లండు శాసనసభ ఆ బట్టలను అడ్డగించుచు శాసనములు చేసినది. పరాయి దేశపు కిటికీకి తెలుగువాడు రంగు వేసిన గుడ్డ అంత కలవరము కలిగించినది!

ఇచ్చట ఒక్క సంగతి గమనింపుడు. ఓడకెక్కు బట్టకు కిటికీ కనబడదు. దానిని కోరిన యింటిని అద్దకపువాడు ఎన్నడును చూడడు. కావున వర్తకుడు ఇంత పొడుగు, ఇంత పన్న అని ముందే నిర్ణయించి, తానునంతయు ఒక్క కొలతకు చేయించును. కొనినవారు ఇంటికి పోయి కత్తిరించుకొందురు, అంచు మడిచి కుట్టుకొందురు. నేడు మనము అంగడి తెరతో చేయుచున్నది ఇదే. కొలత కిటికీని విడిచి బేరమును చేరుట ఆ ఓడలతోనే మొదలైనదని నా అభిప్రాయము. గుడ్డకు దానివలన చెరుపు లేదు. గుడ్డ కత్తెరకు లొంగును. వెదురు లొంగదు. ఆ మాట పిదప చెప్పెదను.

తెర ఎండకొరకే కాదు, కంటి కొరకును. నగరపు దేవిడీలలో, జమీందారుల లోగిళ్ళలో చిల్మన్ వెనుక స్త్రీలు కూర్చుండెడివారు. పగలు వెలుతురు బయట హెచ్చు, లోపల తక్కువ. కావున లోపలివారికి వీధి కనబడును. వీధివారికి లోపల కనబడదు. పేళ్ళ సందుల గుండ లోకమును చూచుట తప్ప, లోకము తమను చూచుట వారికి నిషిద్ధము. దీనికి ఘోషా యని పేరు. మద్రాసులో 1885లో మేరీ షార్లీబ్ అను వైద్యురాలు ప్రారంభించిన స్త్రీల ఆసుపత్రి పేరులోనే ఘోషా యను మాట చేరినది. రోగమునకు మందిచ్చు చోటు కూడ తెర పేరు పెట్టుకొనవలసివచ్చిన దనినచో, ఆ కాలమున తెరకెంత బలమో ఊహింపవచ్చును. 1948లో ఆ ఆసుపత్రికి కస్తూరిబా గాంధి పేరు పెట్టబడినది.

మా వైపున 1934లో ఖమ్మముమెట్టున మూడవ ఆంధ్రమహాసభ జరిగినది. 1930లో జోగిపేటనాటి మొదటి సభనుండియు ఆంధ్రమహాసభతోపాటు మహిళాసభయు జరుగుచుండెను. స్త్రీలు తెర లేని వేదికపై నిలిచి, స్త్రీవిద్యను గూర్చి తమ నోట తాము మాటాడిరి. మన పెండ్లిలోను అడ్డుతెర కలదు. అది వధూవరుల నడుమ పట్టబడును గాని, శుభముహూర్తమున తీసివేయబడుటకే పట్టబడును. తీయదగిన వేళ తీయబడు తెర అందము; తీయరాని తెర చెఱ. పొడుగును గూర్చి మాటాడుచు ఈ సంగతిని మఱచుట తగదు. తెర ఎంత ఉండవలెనో నిర్ణయించు హక్కు దాని వెనుక కూర్చున్నవారికి చాలకాలము లేకపోయినది.

ఇప్పుడు మరల వెదురునకు వత్తము. మేదరి కొలపుల్ల పట్టుకొని వచ్చుట తగ్గుటకు కారణము కిటికీలో లేదు, అడవిలో నున్నది. శాస్త్రజ్ఞులు చెప్పునట్లు వెదురు చెట్టు కాదు, గడ్డి. వరి, చెఱకు, వట్టివేరు మొదలగువాని కుటుంబములోనిది. కాని 1882 నాటి మద్రాసు అటవీశాసనము చెట్టు అను మాటకు చెప్పిన అర్థమున వెదురును చేర్చినది. 1927 నాటి హిందూదేశపు అటవీశాసనమును అట్లే చేసినది. నిజాము రాజ్యమునకు ఫసలీ 1355లో, అనగా 1945 ప్రాంతమున, తన అటవీశాసనము తనకు వచ్చినది. గోదావరికి ఇరువైపుల రిజర్వు అడవులు ఏర్పడినవి. నిన్నటివరకు గొడ్డలి భుజాన వేసికొని పోయి తెచ్చుకొనిన గడ్డికి అనుమతిపత్రము, రుసుము, కావలివాని దయ కావలసివచ్చెను.

పిదప కాగితము వచ్చినది. వెదురునుండి కాగితము చేయు పరిశ్రమను కాపాడుటకు 1925లో ప్రత్యేకముగా ఒక శాసనము చేయబడినది. రాజమహేంద్రవరమున 1924లో మొదలైన కాగితపు మిల్లు, నిజాము రాజ్యమున 1938లో స్థాపింపబడి 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు మిల్లు, తరువాత 1979లో భద్రాచలమునకు ఎదుటి గట్టున సారపాకలో వెలసిన మిల్లు, ఇవి గొప్ప పరిశ్రమలు. వేలమందికి అన్నము పెట్టినవి. మనము చదివిన పుస్తకములలో వాని కాగితము ఉండవచ్చును. కాని టన్నుల లెక్కన వెదురును కోరు మిల్లునకును, మోపుల లెక్కన కోరు మేదరికిని ఒక్క అడవియే దిక్కు. ఆ పోటీలో ఎవరు వెనుకబడుదురో చెప్పనక్కరలేదు.

2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీఫలసాయములో చేర్చి, అడవి నాశ్రయించి నివసించువారికి దానిపై హక్కు చెప్పినది. కొండరెడ్లకు, కోయలకు ఇది మేలు. కాని మేదరి సాధారణముగా అడవిలో నుండడు. ఊరి చివర, సంతకు దగ్గరగా నుండును. 2017లో 1927 నాటి శాసనమును సవరించి, చెట్టు అను మాట అర్థమునుండి వెదురును తొలగించిరి. దానితో అడవి వెలుపల పెంచిన వెదురును కోయుటకు, తరలించుటకు ఆ శాసనపు అడ్డు పోయినది. గడ్డి మరల గడ్డియైనది. 1882నుండి 2017 వరకు లెక్కించిన 135 ఏండ్లు. ఈ నడుమ ఎన్ని మేదర యిండ్లలో కత్తి మూల పడినదో!

కత్తి మూల పడిన చోటికి అంగడి తెర వచ్చినది. 1956లో మనదేశమున మెట్రిక్ కొలతల శాసనము చేయబడి, మూర, గజము పోయి మీటరు వచ్చెను. సిమెంటు యిండ్లకు గోడవెడల్పు కిటికీలు వచ్చినవి. దూరముననున్న కర్మాగారములో ఇన్ని అడుగులకు ఇన్ని అని చేసిన వెదురు తెరలు, ప్లాస్టిక్ పేళ్ళ తెరలు, అల్యూమినియపు పలకల తెరలు బజారున దొరకుచున్నవి. చవుక, వెంటనే దొరకును, అందము కలదు. కిటికీ నాలుగడుగులు, తెర అయిదడుగులు. కొనినవాడు ఇంటికి తెచ్చి వ్రేలాడదీయగా మిగిలిన అడుగు నేలపై ముడుచుకొని పడును. చీపురు తగులును, బొద్దింక చేరును, వాన జల్లునకు బూజుపట్టును. అప్పుడు ఇంటివారు కత్తెర వెదకుదురు.

ఇక్కడనే నేను ఒక వృద్ధ మేదరి స్త్రీ చెప్పిన మాటను శ్రోతలకు అందింపగోరుచున్నాను. తెర తెచ్చి కోసి యిమ్మని యడిగినవానితో ఆమె యనినది: "కోస్తే చెడిద్దయ్యా, విప్పితే మిగిలిద్ది." ఈ ఒక్క వాక్యములో పని యంతయు నున్నది.

వెదురు తెరలో అడ్డముగా పేళ్ళు, నిలువుగా దారపు వరుసలు ఉండును. ప్రతి దారము ప్రతి పేడును చుట్టి ముడివేసి క్రిందికి దిగును. కత్తెరతో నడుమ కోసినచో, ఆ వరుసలన్నియు ఒక్కమారే తెగి, ముడులు వదలి, నాలుగు దినములలో పేళ్ళు ఒకటొకటిగా జారిపోవును. కావున తెరను నేలపై పరచి, పైనుండి క్రిందికి కొలువవలెను. తలకట్టు బద్దను, దానికున్న కొక్కెములను ముట్టరాదు. కావలసిన కొలత వద్ద గుర్తుపెట్టి, దానికి క్రిందుగా నాలుగైదు పేళ్ళు అదనముగా ఉంచవలెను. పిదప అడుగు బద్దను విప్పి, క్రిందినుండి పైకి ఒక్కొక్క పేడును దారపు ముడి విప్పుచు తీయవలెను. దారమును కోయరాదు, పొడుగుగా మిగులనీయవలెను. గుర్తు వద్దకు రాగానే ఆ అడుగు బద్దనే మరల చేర్చి, మిగిలిన దారములతో రెండేసి ముడులు వేసి బిగింపవలెను. అడుగు బద్ద బరువుననే తెర నిటారుగా నిలుచును. దానిని పారవేసి తేలిక పుల్లను కట్టినచో తెర గాలికి ఎగిరి గోడను కొట్టును.

వెడల్పు తగ్గింపవలసివచ్చినచో పని కొంత కష్టము. ఒక్క ప్రక్కనే కోసినచో దారపు వరుసలు, చుట్టు త్రాళ్ళు ఒకవైపునకు ఒరిగి, తెర వంకరగా లేచును. రెండు ప్రక్కల సమానముగా తీయవలెను. కోయబోవు గీతకు లోపలివైపున ముందుగా ఒక క్రొత్త దారపు వరుస కట్టి, గీతపై గుడ్డపట్టీ అంటించి, సన్నపండ్ల ఱంపముతో మెల్లగా కోసి, అంచును నవారుతోనో గుడ్డతోనో కుట్టవలెను. అల్యూమినియపు పలకల తెరకును న్యాయము ఇదే. అడుగు పట్టీలోని త్రాటి ముడి విప్పి, క్రింది పలకలను తీసి, పట్టీని మరల చేర్చవలెను. మేదరి స్త్రీ సూత్రము లోహమునకును చెల్లుచున్నది.

తెర ఎంతవరకు దిగవలెను? కిటికీ చట్రము లోపల కట్టునది గడపకు వ్రేలెడు పైన ఆగవలెను. గడపకు రాచుకొనినచో పేళ్ళు చిట్లును. గోడ వెలుపల కట్టునది గడపను దాటి జానెడు దిగవచ్చును. వేసవికి వెలుపలి తెరయే మేలు. ఎండ గోడను, అద్దమును తాకకముందే ఆగును. లోపలి తెర వెలుగును ఆపును గాని, అప్పటికే గదిలోనికి వచ్చిన వేడిమిని వెలుపలికి పంపలేదు.

ఒక హెచ్చరిక. తెర పొట్టియైనను, చుట్టు త్రాడు పాత పొడుగుననే మిగులును. అది ఉచ్చువలె వ్రేలాడుచుండగా ఇంట పసిబిడ్డలున్నచో ప్రాణాపాయము. మెడకు త్రాడు చుట్టుకొని పిల్లలు మరణించిన సంఘటనల మూలముననే, అమెరికాదేశమున 2018నుండి అంగళ్ళలో నిలువయుంచి అమ్ము తెరలకు అందుబాటులో త్రాడుండరాదను ప్రమాణము వచ్చినది. కావున తెరతోపాటు త్రాటిని తగ్గింపుడు. మిగిలినదానిని పిల్లలకు అందని యెత్తున మేకునకు చుట్టియుంచుడు. మన పాత చిక్కులకును త్రాడు ఉండెడిది. కట్టి యిచ్చినవాడు ఆ యింటి కిటికీని ఎరిగినవాడు గనుక త్రాడు తెరకు తగినంతయే ఉండెను. అంగడి తెర మీ యింట బిడ్డ ఉన్నదో లేదో యెరుగదు.

విప్పిన పేళ్ళను పారవేయకుడు. తెరలో ముందుగా విరుగునవి క్రింది పేళ్ళే. ఇంట మిగిలినవి ఉన్నచో ఒక్కొక్కటి మార్చుకొనుచు ఆ తెరను ఏండ్ల తరబడి నిలుపవచ్చును. కోసినవానికి చెత్త మిగులును. విప్పినవానికి సామాను మిగులును.

ఈ పనిని మీరే చేసికొనవచ్చును. ఒక మధ్యాహ్నపు పని. అయినను మీ ఊర మేదరులున్నచో వారి చేత చేయింపుడని నా మనవి. దీనిని దయగా తలపరాదు. బజారు తెరకు ఆ చేతి ముడి పడినచో అది ఎక్కువ కాలము నిలుచును. మీ డబ్బుకు లాభమే. అంతకన్న ముఖ్యమైనది, ఆ పనికి పిలుచువారున్నచో ఆ యింటి పిల్లవాడు పేడు చీల్చుట, ముడి వేయుట నేర్చును. పిలుచువారు లేనిచో నేర్వడు. శాసనము వెదురును గడ్డియని యొప్పుకొనిన తరువాత, పెరటిలోను, పొలము గట్టునను వెదురు పెంచుకొనుటకు అడ్డు తగ్గినది. గడ్డి పెరుగుటకు నాలుగైదు ఏండ్లు చాలును. దానిని అల్లు చేయి పెరుగుటకు ఒక తరము పట్టును.

కిటికీ ఎంతో అంతే తెర యను న్యాయమును మన పూర్వులు గ్రంథములలో వ్రాసియుంచలేదు. గాటు పెట్టిన ఒక వెదురు పేడులో ఉంచిపోయిరి. ఈసారి తెర కొనబోవునప్పుడు, అంగడికి పోకముందు, మీ కిటికీకి ఒక పుల్లను ఆనించి గాటు పెట్టుకొనుడు. ఆ పుల్లను చేత పట్టుకొని, ముందుగా ఊరి చివరనున్న ఆ యింటి తలుపు తట్టుడు.